కొలువుకెక్కని హులా బొమ్మలు

మా చిత్తూరింట్లో దసరా వచ్చిందంటే హాల్లో ఒక గోడ మొత్తం కొలువు మెట్లకే పోయేది. నాయనకు బెల్లం మండీ ఉండేది. అక్కడి ఖాళీ పెట్టెలు, బల్లలు తెచ్చి, పెద్దవి కింద, చిన్నవి పైన పేర్చి, వాటి మీద తెల్ల పంచె పరిచేవాడు. అన్నిటికంటే పై మెట్టు మీద మరపాచి జంట నిలబడేది. ఎర్రచందనం చెక్కతో చేసిన ఆడబొమ్మ, మగబొమ్మ. అమ్మ పెళ్లిలో ఆమె పుట్టింటివాళ్లు తిరుపతిలో కొని ఇచ్చినవి. మా వాళ్లలో ఆడపిల్లకు పెళ్లిలో ఆ జంట ఇస్తేనే ఆమె తన ఇంట్లో కొలువు మొదలుపెట్టుకోవచ్చు. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేరాలి. మొదలుపెట్టిన కొలువు ఏ ఏడూ ఆపకూడదు, ఇంట్లో చావు జరిగిన ఏడాది తప్ప.

ఈ నియమాలు నాకు అమ్మ చెప్పలేదు, అత్త చెప్పింది. కొలువును ఒక్కనాడూ ముట్టుకోని మనిషికి కొలువు సంగతులన్నీ తెలుసు. ఏ బొమ్మ ఏ మెట్టు మీద ఉండాలో, ఏ రోజు ఏ గింజలతో సుండలు, అంటే గుగ్గిళ్లు, చెయ్యాలో, విజయదశమి సాయంత్రం హారతి అయ్యాక ఒక బొమ్మను ఎందుకు పడుకోబెట్టాలో ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది. వెనక వసారాలో కూర్చుంటే హాలు తలుపు సందులోంచి కొలువు సగం కనిపించేది. మిగతా సగం నేను చెప్పాలి. ఎడమ పక్క ఏం పెట్టినారు, దశావతారాలు వరసగా ఉండాయా, అంగడి సెట్టిగారి బొమ్మ ముందర బియ్యం పోసినారా అని అడుగుతూనే ఉండేది.

అత్త అంటే నాయన చెల్లెలు. పెళ్లీడుకు వచ్చేసరికి ఆమె మోచేతి కింద ఒక మచ్చ లేచింది. గిల్లినా తెలిసేది కాదట. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు. అసలు పేరు పలకడానికి కూడా భయం. ఏళ్ల తరబడి మాత్రలు మింగింది, రోగం పోయింది, ఇక ఎవరికీ అంటదని డాక్టర్లు చెప్పారు. కానీ పోతూ పోతూ అది చేతుల్లో నరాలను తినేసి పోయింది. వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. ఆ చేతులకు వేడి తెలియదు, చల్లన తెలియదు, ముల్లు దిగినా తెలియదు. పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. వసారాను ఆనుకుని ఉన్న గదిని ఆమెకిచ్చారు. బెల్లం తినే సరుకు. ఆ ఇంట్లో ఫలానా రోగం ఉందని ఊళ్లో పొక్కితే మండీ మూసుకోవాల్సిందేనని నాయన భయపడేవాడు. అది ఉత్త భయం కాదని పెద్దయ్యాక నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు.

నేను బడికి పోవడం మొదలుపెట్టిన రోజుల్లో అత్త కొన్ని నెలలు ఇంట్లో లేదు. వేలూరు దగ్గర ఈ రోగానికే ఉన్న ఒక ఆస్పత్రిలో ఆమె చేతులకు ఆపరేషన్ చేశారు. ముంజేతిలోని మంచి కండ కొసను తెచ్చి వేళ్లకు కలుపుతారు. కలిపితే సరిపోదు, ఆ వేళ్లకు కదలడం మళ్లీ కొత్తగా నేర్పాలి. ఆ పని అక్కడ ఒక విదేశీ ఆమె చేసేది. తెల్లదొరసాని కాదు. మన చాయే, భారీ మనిషి, జడ విప్పితే జుట్టు నడుము దాకా ఉండేదట. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల నుంచి వచ్చింది. అత్త ఆమెను ఎప్పుడూ ఆయమ్మ అనే అనేది. మిగతావాళ్లు మైనపు ముద్దలు పిసికిస్తే, ఆయమ్మ తమ దీవుల నాట్యం నేర్పింది. దాని పేరు హులా. అందులో చేతులే పాట అర్థాన్ని చెబుతాయి. వేళ్లన్నీ కలిపి మెల్లగా ఎత్తి దించితే సముద్రపు అల. పైనుంచి కిందికి వేళ్లు ఆడిస్తూ తెస్తే వాన. అత్త కుడిచెయ్యి బాగానే తెరుచుకుంది. ఎడమచెయ్యి సగంలో ఆగిపోయింది. సగం అలే నాది అని నవ్వేది.

తిరిగొచ్చిన రోజు ఆమె సంచిలో ఒక బొమ్మ ఉంది. ఆయమ్మ ఇచ్చింది. జానెడు ఎత్తు, గోధుమరంగు ఒళ్లు, తలలో ఎర్రపువ్వు, మెడలో పూలదండ, నడుముకు పచ్చటి ఆకుల పావడా. లోపల స్ప్రింగు ఉంది, తాకితే నడుము ఊగుతుంది. మా కొలువులో తల ఊపే తంజావూరు బొమ్మ ఉండేది కాబట్టి నాకూ తమ్ముడికీ అది వింతగా తోచలేదు. అది తల ఊపుతుంది, ఇది నడుము ఊపుతుంది అనుకున్నాం. అత్త మాత్రం ఒప్పుకోలేదు.

“నడుం సూడొద్దు పాపా. సేతులు సూడు. అది సెప్పేదంతా సేతుల్లో ఉండాది” అంది.

అమ్మ చూసింది చేతులూ కాదు, నడుమూ కాదు. బొమ్మకు రవిక లేదు. రెండు కొబ్బరి చిప్పలు తప్ప పైన ఏమీ లేదు. మా ఇంట్లో మరపాచి ఆడబొమ్మకు కూడా ఏటా కొత్త చీర, రవిక కుడతారు, బట్ట లేకుండా ఏ బొమ్మనూ నిలబెట్టరు. అమ్మ ఆ రాత్రే తన పట్టుచీర పీలికతో జరీ అంచు పెట్టి, మోచేతుల దాకా చేతులున్న రవిక కుట్టి బొమ్మకు తొడిగేసింది. బిగుతుగా కుట్టడంతో బొమ్మ చేతులు పక్కలకు అతుక్కుపోయాయి. తెల్లారి అత్త తన వంకర వేళ్లతో, పంటితో, ఆ కుట్లు ఒక్కొక్కటే విప్పింది.

“సేతులు మూసేస్తే అది మూగదైపోతాది వదినా” అంది.

“సిగ్గులేని బొమ్మను పిల్లోళ్లుండే ఇంట్లో యాడ పెట్టుకోమంటావు?” అంది అమ్మ. అమ్మకు కోపమేమీ లేదు. నిజంగానే యాడ పెట్టాలో తెలియక అడిగింది.

ఆ దసరాకు అత్త ఆ బొమ్మను ఒక పళ్లెంలో పెట్టుకుని హాలు గడప దాకా వచ్చింది. ఈ ఏడు కొత్త బొమ్మ ఇదే కానిమ్మని అడిగింది. తానే మెట్టు మీద పెడతానంది. అత్త నన్ను పిలిచినట్లే అమ్మ అత్తను పాపా అని పిలిచేది. అమ్మ చేతిలో పసుపు గిన్నె ఉంది. గిన్నె వైపే చూస్తూ, “ఈ ఏడుకు కొత్త బొమ్మ కొనేసినాం పాపా. వచ్చే ఏడు సూద్దాం” అంది. అత్త పళ్లెం పట్టుకుని వెనక్కి పోయింది.

అక్కడితో ఊరుకునే మనిషైతే నేనిదంతా రాయాల్సిన పనుండేది కాదు. అత్త వచ్చే ఏడును నమ్మింది. బెల్లం లోడు మద్రాసుకు తీసుకుపోయే లారీ డ్రైవరుకు చెప్పి, అక్కడ హార్బరు దగ్గరి విదేశీ సామాన్ల అంగళ్లలో వెతికించి, ఇంకో హులా బొమ్మను తెప్పించింది. దసరా ముందు రోజు మళ్లీ గడప దగ్గరికి వచ్చింది. అమ్మ మళ్లీ అదే మాట అంది. ఆ మరుసటి ఏడూ అంతే. హులా బొమ్మ దొరకని ఏడు మామూలు ప్లాస్టిక్ బొమ్మను కొని, ఉన్న గౌను పీకేసి, అరటినార చీల్చి పావడా అల్లి కట్టేది. గోళ్లకు పట్టు దొరకని ఆ చేతులతో నార చీల్చడం ఎంత కష్టమో పక్కనుండి చూశాను. నాయన పోయిన ఏడాది ఇంట్లో కొలువే లేదు. ఆ ఏడు కూడా అత్త బొమ్మ కొన్నది. లోకంలో బొమ్మలు సేకరించేవాళ్లు చాలామంది ఉంటారు, ముచ్చటపడి కొంటారు. మా అత్త బీరువాలో చేరినవన్నీ కాదనిపించుకుని వెనక్కొచ్చిన బొమ్మలు.

అమ్మ ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదు. అన్నం పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అత్త చీరలు మాత్రం విడిగా ఉతికించింది. అంత మెత్తగా కాదనే మనిషితో ఏ నోటితో పోట్లాడతాం? నేను పోట్లాడాను లెండి. రోగం పోయిందని డాక్టర్లే చెప్పారు కదమ్మా అంటే, నాకు తెలియదా, పేరంటానికి వచ్చేవాళ్లకు నువ్వు చెప్తావా అని అడిగేది. ఆ కోపాన్ని తమ్ముడి మీద చూపించేదాన్ని.

పెళ్లయి నేను తిరుపతి వచ్చేశాను. పాకాలలో టీచరు ఉద్యోగం. పొద్దున పాకాలకు, సాయంత్రం తిరుపతికి. సెలవొస్తే చిత్తూరు బస్సెక్కేదాన్ని. మా మెట్టినింట్లో కొలువు ఆచారం లేదు కాబట్టి నాకు మరపాచి జంట ఇవ్వలేదు. అత్త ఆ సంగతి చెప్పుకుని నవ్వేది. “మన ఇద్దరికీ లేదు పాపా” అనేది. అప్పటికి లారీ డ్రైవర్ల సాయం అవసరం లేకుండా పోయింది. తిరుపతి బస్టాండు దగ్గర కార్ల అలంకరణ సామాన్లు అమ్మే అంగళ్లలో, స్వామి పటాల పక్కనే, స్ప్రింగు నడుము హులా బొమ్మలు వరసగా ఊగుతూ కనపడేవి. కొనబోతే అంగడాయన నన్ను ఎగాదిగా చూసి, “ఇవి డ్రైవర్లు కొంటారమ్మా, టీచరమ్మలు కొనరు” అని పళ్లికిలించాడు. ఆ నవ్వు చూశాక ఆ బొమ్మలు ఎవరి కోసం తయారైనవో నాకు తెలిసింది. తీసుకుని బయటకు వచ్చేశాను.

సెల్‌ఫోన్లో అన్నీ దొరికే కాలం వచ్చాక అత్త కోసం ఆ దీవుల గురించి చదవడం మొదలుపెట్టాను. పాకాల రైల్లో కూర్చుని చదివేదాన్ని. మా బీరువాలోని పచ్చ ప్లాస్టిక్ పావడాలు, కొబ్బరి చిప్పలు వాళ్ల అసలు నాట్యానివి కావు, ఓడల్లో వచ్చిపోయే సరదారాయుళ్ల కోసం పుట్టినవి. పాతకాలంలో చెట్టు బెరడును నానబెట్టి, దంచి చేసిన బట్ట కట్టేవాళ్లు, ఆకులు కట్టేవాళ్లు. అడవిలో ఆకు కోసే ముందు అనుమతి అడిగేవాళ్లు, ఆట అయ్యాక ఆ ఆకుల్ని తిరిగి అడవికే ఇచ్చేవాళ్లు. మగవాళ్లూ ఆడేవాళ్లు. మన సొరకాయ బుర్రలాంటి పెద్ద బుర్రను చేత్తో కొట్టి తాళం వేసేవాళ్లు. పాట లేకుండా ఆట లేదు. రాత లేని రోజుల్లో వాళ్ల వంశాలు, దేవతలు, కొండల పేర్లు అన్నీ ఆ పాటల్లోనే దాచుకున్నారు. కొత్త మతం వచ్చాక పాలకులే హులాను నలుగురిలో ఆడొద్దన్నారు. తెలిసినవాళ్లు ఇళ్లలో దాచిపెట్టుకుని పిల్లలకు నేర్పారు. కూర్చుని ఆడే హులా కూడా ఉందట, మోకాళ్ల మీద కూర్చుని, నడుము పైనుంచి, చేతులతో.

ఇవన్నీ అత్తకు చెప్పాను. బొమ్మలకు ప్లాస్టిక్ పావడాలు తీసేద్దామా అంటే ఒప్పుకోలేదు. “వాటి తప్పేముండాది? ఎవరో అట్ల చేసినారు, అట్లే ఉండనీ” అంది.

ఒక్కటి మాత్రం చెప్పకుండా దాచాను. ఆ దీవుల్లోనూ ఈ రోగం వచ్చింది. వచ్చినవాళ్లను ఇంట్లోంచి పట్టుకుపోయి, ఓడలో ఎక్కించి, ఒక దీవి అంచున, వెనక నిలువుకొండ, ముందు సముద్రం ఉన్న చోట దించేశారు. తల్లులను పిల్లల నుంచి, మొగుళ్లను పెళ్లాల నుంచి విడదీశారు. నూరేళ్లకు పైగా అలా పంపుతూనే ఉన్నారు. చాలామంది అక్కడే పోయారు. అక్కడే పాడుకున్నారు, అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. చదువుతుంటే నాకు రైల్లో ఏడుపొచ్చింది. అత్తకు ఇది చెప్పి ఆమె బొమ్మల సరదాను కూడా చంపడం ఎందుకని ఊరుకున్నాను. కానీ ఒకసారి బీరువా తుడుస్తూ ఆమె ఆయమ్మ మాట ఎత్తింది, నాకు నోరాగలేదు. మొత్తం చెప్పేశాను.

అత్త బొమ్మల మీది దుమ్ము తుడవడం ఆపలేదు. “నాకు తెలుసు పాపా” అంది. “ఆయమ్మ వాళ్ల అవ్వను అట్లే ఓడలో తీసకపోయినారంట. అందుకే గదా ఆయమ్మ మన దేశానికి వచ్చి మా సేతులు పట్టుకునింది.”

“ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదత్తా?”

“మీరు అడగలేదు గదా” అంది. చేతిలోని బొమ్మను దాని చోట పెట్టి మళ్లీ తనే అంది. “వాళ్లకు ఎదురుగా సముద్రమన్నా ఉండాది.”

ఆమె గదికి ఎదురుగా ఉన్నది బాత్రూము గోడ. ఆ రోజు తిరుపతి బస్సులో నాకు ఇంట్లోవాళ్లందరి మీదా అసహ్యం వేసింది. అందరిలో నేనూ ఉన్నాను.

అమ్మకు మోకాళ్లు పోయాక ఇల్లు తమ్ముడి భార్య చేతికొచ్చింది. మా మరదలు మంచి పిల్ల. చదువుకుంది, అత్తతో ఒకే బల్ల మీద భోంచేసింది, చీరలన్నీ ఒకే మిషన్లో వేసింది. ఆ ఏడు దసరాకు నాకు ఫోన్ చేసి, “వదినా, ఈసారి అత్తమ్మ బొమ్మలన్నీ కొలువులో పెడదాం. కింద ఇసక పోసి, నీలం కాగితంతో సముద్రం చేసి, దీవిలా కడతాను. చిత్తూరులో ఎవరింట్లోనూ ఉండదు ఇట్లాంటిది” అంది. నాకు ఆనందం పట్టలేదు. బడికి సెలవు పెట్టి వెళ్లాను.

అత్త బీరువా తెరిచి ఒక్కొక్క బొమ్మనూ తానే తుడిచి అందించింది. మరదలు పళ్లెంలో పెట్టుకుని హాల్లోకి తీసుకుపోయింది. ఆఖరి బొమ్మను, ఆయమ్మ ఇచ్చినదాన్ని, అత్త అందించలేదు. చేతిలో పెట్టుకుని లేచి, పమిట సర్దుకుని, హాలు వైపు నడిచింది. గడప దగ్గర మరదలు ఎదురొచ్చింది. ఆ పిల్ల మొహం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. చాలా ఇబ్బంది పడింది.

“అత్తమ్మా, నాకేం లేదు, నిజంగా. పేరంటానికి వచ్చే ఆంటీలు ఎట్లాంటోళ్లో మీకు తెలుసు గదా. మీరు పెట్టినారని తెలిస్తే సుండలు కూడా ముట్టరు. మీరు గదిలో కూర్చోండి, అంతా వీడియో తీసి చూపిస్తా.”

అత్త బొమ్మను పళ్లెంలో పెట్టేసింది.

ఆ తొమ్మిది రోజులూ చిత్తూరు ఆడవాళ్లు మా దీవిని చూడడానికి వరస కట్టారు. ఫోటోలు తీసుకున్నారు. ఎవరు సేకరించినారమ్మా ఇన్ని అని అడిగితే మరదలు ఇంట్లోవాళ్లే అని చెప్పింది. అత్త మంచం మీద కూర్చుని, మరదలి ఫోన్లో, గోడకు అవతల ఉన్న తన బొమ్మలను చూసుకుంది. వేలితో తెర జరపడం ఆమెకు రాదు, తెర ఆ వేలిని గుర్తుపట్టేది కాదు. నేను పక్కన కూర్చుని జరిపాను. “ఎడం పక్క అల సరిగ్గా కట్టలేదు” అంది ఒకసారి.

విజయదశమి సాయంత్రం ఆఖరి పేరంటాళ్లను సాగనంపడానికి మరదలు వీధి గుమ్మం దాకా పోయింది. హాల్లో కుర్చీలో అమ్మ ఉంది, హారతి పళ్లెంతో నేనున్నాను. హారతి అయిపోయింది. ఒక బొమ్మను పడుకోబెడితే కొలువు ముగిసినట్లు. ఎప్పుడూ అమ్మే ఆ పని చేస్తుంది. ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక కూలబడింది. అప్పుడు అత్త వసారా తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ఎవరినీ అడగలేదు. మెట్ల ముందుకొచ్చి నిలబడి, ఇన్నేళ్లూ సందులోంచి చూసినదాన్ని నిండుగా చూసుకుంది.

అమ్మ చాలాసేపు ఆమెను చూసింది.

“మరపాచిని పడుకోబెట్టు పాపా” అంది చివరికి. “అదే మొదట పెట్టింది. అదే పడుకోవల్ల.”

అత్త తన బొమ్మను తీయడానికి వచ్చి ఉంటుంది. మరపాచి జోలికి వెళ్లనిస్తారని కలలో కూడా అనుకోలేదు. కిందిమెట్టుకు కాస్త పక్కగా జరిగి, మునికాళ్ల మీద లేచి పైకి చెయ్యి చాచింది. పై మెట్టుకు రెండు వైపులా ఇత్తడి కుందుల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఎడమచేత్తో ఆనుకుని, కుడిచేత్తో ఆడబొమ్మను పట్టుకుంది. తన వేళ్ల మీద ఆమెకు నమ్మకం లేదు. జారిపోతుందేమోనని ఒక్కొక్క వేలినీ కళ్లతో చూసుకుంటూ చుట్టూ బిగించింది. మెల్లగా పంచె మీద పడుకోబెట్టింది, చీర కుచ్చిళ్లు సరిచేసింది. మగబొమ్మను కూడా దాని పక్కనే పడుకోబెట్టింది. ఆమె మొహంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. ఏదో మాడిన వాసన వచ్చింది. హారతి కర్పూరమో వత్తో అనుకున్నాను. అమ్మ కేక పెట్టాక చూశాను. అత్త ఆనుకున్న ఎడమచెయ్యి కుంది అంచు మీద ఉంది. అరచెయ్యి పక్కన చర్మం ఊడి ఇత్తడికి అంటుకుపోయింది.

నేను లాగేశాను. అత్త తన చేతిని ఎవరిదో చేతిని చూసినట్లు చూసుకుంది.

“నొప్పేం లేదులే” అంది. “బొమ్మ కింద పడలేదు గదా?”

కాలిన గాయం మానలేదు. ఆమెకు షుగరు కూడా ఉంది. తిరుపతిలో పెద్దాస్పత్రికి తీసుకొచ్చాం. ముందు రెండు వేళ్లు తీసేశారు, తరవాత మణికట్టు దాకా తీసేశారు. నేను పాకాల నుంచి నేరుగా వార్డుకు వెళ్లి కూర్చునేదాన్ని. కట్టు కట్టిన మొండిచేతిని దిండు మీద పెట్టుకుని, కుడిచేత్తో దుప్పటి మీద ఏదో చేస్తుండేది. ఒకసారి ఏమిటత్తా అది అంటే, వాన అంది. “ఈసారి కూర్చుని ఆడే బొమ్మను సూడు పాపా. నువ్వు సెప్పినావే, బుర్ర కొడతా ఆడేది. దసరాకు వస్తాదా?” అని అడిగింది. వస్తుందని చెప్పి ఆమె ఎదురుగానే ఫోన్లో ఆర్డర్ పెట్టాను. విషం ఒళ్లంతా పాకింది. మామిళ్లు పూతకొచ్చే రోజుల్లో ఆ వార్డులోనే పోయింది.

పరామర్శకు వచ్చిన బంధువుల్లో ఒకావిడ దుప్పటి కప్పుకుని కూర్చుని, తాకకూడనిది తాకింది, అమ్మవారికి కోపమొచ్చింది అంది. అమ్మ కుర్చీలోంచే అరిచింది. “నేనే తియ్యమన్నా. కోపముంటే నా మీదికి రావల్ల. నీకేం తెలుసని మాట్లాడతావు?” అమ్మ గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు.

కర్మ తమ్ముడు చేశాడు. కాబట్టి ఏడాది తిరిగే దాకా ఇంట్లో పండుగలు లేవు. దసరా దగ్గరపడ్డాక మరదలు ఫోన్ చేసి, “ఈ ఏడు కొలువు లేదు వదినా, అత్తమ్మది ఏడాది కాలేదు గదా” అంది. బతికున్నన్నాళ్లూ ఆమె కోసం ఆ ఇంట్లో ఒక్క పనీ ఆగలేదు, పేరంటం ఆగలేదు, మండీ ఆగలేదు. ఇప్పుడు ఆగింది.

అత్త అడిగిన బొమ్మ ఆమె పోయాక వచ్చింది. పెట్టె విప్పబుద్ధి కాక అలాగే ఉంచాను. కొలువు లేని ఆ దసరాకు దాన్ని సంచిలో వేసుకుని చిత్తూరు వెళ్లాను. హాల్లో గోడ బోసిగా ఉంది. అమ్మ దానికి ఎదురుగానే కుర్చీ వేయించుకుని కూర్చుంది. పెట్టె చూసి, “బయటికి తియ్యి” అంది.

తీసి ఆమె ఒళ్లో పెట్టాను. చెక్కబొమ్మ. మోకాళ్ల మీద కూర్చుని, ముందు బుర్ర పెట్టుకుని, ఒక చెయ్యి దాని మీద వేసి, రెండో చెయ్యి పైకెత్తి, వేళ్లు ఒక పక్కకు వంచి ఉంది. అమ్మ రవిక మాట ఎత్తలేదు. ఎత్తిన ఆ చేతిని తన వేలితో నిమిరింది.

“ఇదేం చెప్తా ఉండాది?” అని అడిగింది.

ఎన్ని చదివినా, ఏ చెయ్యి ఏమిటో ఒక్కటీ నాకు గుర్తురాలేదు. “నాకు తెలీదమ్మా. అత్తకు తెలుసు” అన్నాను.

అమ్మ బొమ్మను ఒళ్లోంచి దించలేదు. “అడిగుండాల్సింది” అంది.